నూట ఇరవై రోలు: బాన్సువాడ ఎండలో ఫొటో, ఇంట్లో స్కాను

మీడియం ఫార్మాట్ అనేది కెమెరా పేరు కాదు, నెగెటివ్ కొలత. 35 మి.మీ. ఫిల్ము మీద ఒక్కో ఫొటోకు దొరికే చోటు 24 × 36 మి.మీ. 120 రోలు వెడల్పు 61 మి.మీ. పైచిలుకు. 6×6 కెమెరా దాని మీద వదిలే చదరాన్ని స్కేలు పెట్టి కొలిస్తే ఒక్కో వైపు 56 మి.మీ. ఉంటుంది. మొదటిదాని వైశాల్యం 864 చదరపు మి.మీ., రెండోదానిది 3,136. అంటే మూడున్నర రెట్ల కన్నా ఎక్కువ. అదే రోలు మీద 6×4.5 కెమెరా 15 లేదా 16 ఫొటోలు తీస్తుంది, 6×6 కెమెరా 12, 6×7 కెమెరా 10, 6×9 కెమెరా 8. ఫిల్ము మారదు, కెమెరా దాన్ని కోసుకునే ముక్క మారుతుంది.

ముక్క పెద్దదైతే ప్రింటుకు పెంచాల్సింది తగ్గుతుంది. పదహారు అంగుళాల చదరపు ప్రింటు కావాలంటే 6×6 నెగెటివ్‌ను ఏడు రెట్లకు కొంచెం పైన పెంచితే చాలు. 35 మి.మీ. నెగెటివ్‌లో చదరంగా కోసుకోగలిగింది 24 మి.మీ. మాత్రమే కనుక దాన్ని దాదాపు పదిహేడు రెట్లు పెంచాలి. ఫిల్ము మీది పూత అయిన ఎమల్షన్‌లోని వెండి రేణువులు రెండింటిలోనూ ఒకటే. పదిహేడు రెట్లు పెంచినప్పుడు చెంప మీద ఇసుకలా కనిపించే రేణువు, ఏడు రెట్లకు చర్మంలో కలిసిపోతుంది. పెద్ద నెగెటివ్‌లో బూడిద రంగు ఛాయలు మెత్తగా ఒకదానిలోకి ఒకటి జారినట్టుండడానికి కారణం ఇదే.

అయితే ఈ లాభం షట్టర్ నొక్కగానే పూర్తిగా చేతికి రాదు. ఫోకస్‌లో కొంత పోతుంది, డెవలపర్ వేడిలో కొంత, ఆరబెట్టేటప్పుడు దుమ్ములో కొంత, స్కానర్‌లో ఫిల్ము వంగితే ఇంకొంత. చలి దేశాల్లో రాసిన చేతిపుస్తకాలు కెమెరా, లెన్సుల దగ్గర ఎక్కువ పేజీలు ఖర్చు చేస్తాయి. కామారెడ్డి జిల్లా బాన్సువాడలో మాత్రం నెగెటివ్ తలరాతను ఎక్కువగా తేల్చేవి నీళ్లు, దుమ్ము, ఫిల్ము చదును.

స్టూడియోల కాలం

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో నెగెటివ్‌ను పెంచి ప్రింటు తీయడం మామూలు పని కాదు. ప్రింటు ఎంత కావాలో గాజు పలక అంత ఉండాలి. పలకను కాగితానికి ఆనించి వెలుతురు చూపేవారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. ఆ పలకల్లోని వివరం నేటికీ ఆశ్చర్యపరుస్తుందంటే అందులో రసాయనం మహిమ కన్నా కొలత మహిమే ఎక్కువ.

120 రోలును కొడాక్ 1901లో తన బ్రౌనీ కెమెరా కోసం తెచ్చింది. ఫిల్ము వెనక నల్ల కాగితం చుట్టి ఉంటుంది కాబట్టి పగటి వెలుగులోనే కెమెరాలో ఎక్కించవచ్చు. కాగితం మీది అంకెలు పాత కెమెరాల వెనక ఎర్ర కిటికీలోంచి కనిపిస్తాయి. నూరేళ్లు దాటినా ఈ ఏర్పాటు మారలేదు. 1929లో జర్మనీలో వచ్చిన రోలైఫ్లెక్స్‌తో రెండు లెన్సుల కెమెరా రూపం ఖాయమైంది. పై లెన్సు చూడడానికి, కింది లెన్సు ఫొటోకు. జపాన్ కంపెనీ యాషికా అదే పద్ధతిని మధ్యతరగతి ధరకు దించింది. మన తాలూకా కేంద్రాల స్టూడియోల్లో పాస్‌పోర్ట్ ఫొటోల నుంచి పెళ్లి గ్రూపుల దాకా తీసిన నెగెటివ్‌లలో చాలావరకు ఇలాంటి కెమెరాలవే. ఇళ్లలో ఆగ్ఫా క్లిక్ 3 ఉండేది. అదీ 120 రోలు మీద పన్నెండు చదరాలు తీసేదే. ఒక్క లెన్సు, ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు, అంతే. ఊటీలో 1960లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1967 నుంచి ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ము, కాగితం అందించింది. కలర్ ల్యాబులు, 35 మి.మీ. కెమెరాలు వచ్చాక 120 రోలు స్టూడియో బల్ల మీంచి అటక ఎక్కింది. ఊటీ కర్మాగారం కూడా తర్వాత మూతపడింది. ఇప్పుడు దొరికే ఫిల్ము దాదాపు అంతా దిగుమతే.

ఎండ, గట్టు, ఫోకస్

ఇప్పటికీ ఎక్కువగా చేతులు మారే కెమెరాల్లో ఒకటి యాషికా మ్యాట్ 124జీ. 1970 నుంచి 1986 దాకా తయారైంది. లెన్సు 80 మి.మీ., గరిష్ఠ అపెర్చర్ ఎఫ్/3.5, షట్టర్ వేగం సెకనులో 500వ వంతు దాకా. దాని మీటరు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి సరిపడా చేసింది. ఆ బ్యాటరీల అమ్మకం ఆగిపోయింది. 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే ముల్లు కదులుతుంది కానీ దాని మాట నమ్మడానికి లేదు. ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్ అంతకన్నా నయం.

నిజానికి బాన్సువాడ ఎండకు మీటరు అవసరం తక్కువ. నిర్మలమైన ఆకాశం కింద, సూర్యుడు బాగా పైకి వచ్చాక అపెర్చర్ ఎఫ్/16 పెట్టి, షట్టర్‌ను ఫిల్ము వేగానికి దగ్గరి అంకెలో ఉంచితే సరిపోతుంది. 100 ఐఎస్ఓ ఫిల్ముకు 125వ వంతు, 400 ఫిల్ముకు 500వ వంతు. చిక్కు వెలుతురు ఎంతుందన్న దగ్గర రాదు, దాని తేడా దగ్గర వస్తుంది. మధ్యాహ్నం తెల్ల పంచె, తెల్ల తలపాగాతో ఉన్న రైతును వేపచెట్టు కింద నిలబెడితే, ఆకుల సందుల్లోంచి పడే ఎండకూ ముఖం మీది నీడకూ మధ్య అంతరం ఫిల్ము ఓపికను పరీక్షిస్తుంది. నెగెటివ్ ఫిల్ము వెలుతురు ఎక్కువైతే రెండు, మూడు స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. నీడలో వెండి ఏర్పడకపోతే ఆ చోట నెగెటివ్ అద్దంలా ఖాళీగా మిగులుతుంది. అక్కడ ఏ స్కానరూ తవ్వి తీసేదేమీ లేదు. అందుకే ఎక్స్‌పోజర్‌ను నీడను బట్టి లెక్కించి, పంచె తెలుపును డెవలప్ చేసే సమయం తగ్గించి అదుపులో పెడతారు.

ఫోకస్ దగ్గర మీడియం ఫార్మాట్ తన ధర వసూలు చేస్తుంది. మామూలు చూపుకు 35 మి.మీ. కెమెరా 50 మి.మీ. లెన్సు వాడితే, 6×6 కెమెరా అదే చూపుకు 80 వాడాలి. లెన్సు పొడుగైన కొద్దీ స్పష్టంగా పడే లోతు తగ్గుతుంది. నిజాంసాగర్ కాలువ గట్టు మీద నిలబడి, కాళ్ల ముందరి వరి మడి నుంచి దూరపు తాటిచెట్ల దాకా అంతా స్పష్టంగా రావాలనుకుందాం. ఎఫ్/11 దగ్గర 50 మి.మీ. లెన్సుకు దాదాపు 3.8 మీటర్ల నుంచి అనంతం దాకా తేటగా వస్తే, 80 మి.మీ. లెన్సుకు 5.8 మీటర్ల నుంచే వస్తుంది. ఎఫ్/16కి మూస్తే అది నాలుగు మీటర్లకు దిగుతుంది కానీ ఉదయపు పలచని వెలుతురులో షట్టర్ 30, 15వ వంతులకు పడిపోతుంది. అక్కడ ట్రైపాడ్ లేకపోతే చెయ్యి వణుకే పెద్ద నెగెటివ్ లాభాన్ని మింగేస్తుంది.

తెల్లవారుజామున నిజాంసాగర్ జలాశయం దగ్గర సెకన్లలో ఎక్స్‌పోజర్ ఇచ్చేవారికి ఇంకో చిక్కు ఉంది. ఫిల్ము మసక వెలుతురును లెక్కకు తగ్గట్టు కూడబెట్టుకోలేదు. ఇల్‌ఫర్డ్ కంపెనీ నలుపు తెలుపు ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్‌కు మీటరు 10 సెకన్లు చెబితే ఇవ్వాల్సింది దాదాపు 20.

రెండు లెన్సుల కెమెరా తెర మీద బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. కదిలే పిల్లల వెంట కెమెరా తిప్పబోతే ఎదురు దిక్కుకు పోతుంది. రెండు లెన్సుల మధ్య ఎడం వల్ల మీటరున్నర లోపు దూరంలో తలలు తెగే ప్రమాదమూ ఉంది. దానికి బదులుగా ఫొటోగ్రాఫర్ నడుము దగ్గర కెమెరా పట్టుకుని తల వంచి చూస్తాడు కాబట్టి ఎదుటి మనిషి అంతగా బిగుసుకోడు. ఆ రోజుల స్టూడియో ఫొటోల్లో కూర్చున్న పెద్దవాళ్ల ఠీవికి ఆ కింది కోణం వాటా కూడా ఉంది.

నీళ్ల వేడి

ఇంట్లో నలుపు తెలుపు ఫిల్ము కడగడానికి డార్క్ రూమ్ అక్కర్లేదు. నల్ల ఛేంజింగ్ బ్యాగు, రీలుతో కూడిన ట్యాంకు, థర్మామీటరు, మూడు సీసాలు చాలు. ఒక 120 రోలుకు మామూలు ప్లాస్టిక్ ట్యాంకులో 500 మి.లీ. ద్రావణం పడుతుంది. కాగితం నుంచి ఫిల్మును వేరుచేసి రీలులోకి ఎక్కించడమే కొత్తవారికి కష్టం. ఎండాకాలం బ్యాగులో రెండు నిమిషాలకే చేతులు చెమటలు పడతాయి. తడి తగిలిన ఫిల్ము ప్లాస్టిక్ రీలుకు అతుక్కుని ముందుకు జరగదు. తెల్లవారుజామునే రీలు ఎక్కించి ట్యాంకు మూసేస్తే సగం పని అయినట్టే. మూత పడ్డాక వెలుతురు భయం లేదు.

డెవలపర్ చేసే పని, వెలుతురు తగిలిన సిల్వర్ హాలైడ్ స్ఫటికాలను వెండిగా మార్చడం. పేరుమోసిన డీ-76 సూత్రం ప్రకారం లీటరు నీటికి మెటోల్ 2 గ్రాములు, నిర్జల సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2 గ్రాములు. మెటోల్, హైడ్రోక్వినోన్ వెండిని విడదీస్తాయి. బోరాక్స్ క్షారాన్ని నిలుపుతుంది. సల్ఫైట్ ద్రావణాన్ని గాలిలో పాడుకాకుండా కాపాడుతూ రేణువుల అంచులను కొద్దిగా కరిగించి మెత్తబరుస్తుంది. వేడి పెరిగితే అన్ని రసాయన చర్యల్లాగే ఇదీ పరుగెత్తుతుంది. వెలుతురు తగలని స్ఫటికాలు కూడా మారిపోతూ నెగెటివ్ మీద మసక కమ్ముతుంది.

పట్టికలన్నీ 20 డిగ్రీల సెల్సియస్‌కు రాసినవి. మే నెలలో బాన్సువాడలో గాలి వేడి 40 దాటుతుంది, ఇంటి మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి 35 దాటడం మామూలే. ఇల్‌ఫర్డ్ చెప్పే లెక్క ప్రకారం 20 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు పట్టే పని 23 డిగ్రీల దగ్గర 3 నిమిషాల్లో అయిపోతుంది. హెచ్‌పీ5 ప్లస్‌ను డీ-76కు జోడైన ఐడీ-11లో చిక్కగా వాడితే 20 డిగ్రీలకు ఏడున్నర నిమిషాలు. అదే నిష్పత్తిలో 30 డిగ్రీలకు లెక్కిస్తే మూడు నిమిషాలకు తక్కువ. ఐదు నిమిషాల కన్నా తక్కువ సమయంలో ద్రావణం ఫిల్మంతటా సమంగా పనిచేయదు, ఆకాశంలో చారలు పడతాయి. ఒక వంతు డెవలపర్‌కు ఒక వంతు నీళ్లు కలిపి పలచన చేస్తే 20 డిగ్రీల సమయం 13 నిమిషాలు. 24 డిగ్రీలకు అది తొమ్మిది నిమిషాలకు దగ్గరగా, 30 డిగ్రీలకు ఐదు నిమిషాలకు దగ్గరగా వస్తుంది. వేడి ఊళ్లలో పలచని డెవలపర్ పొదుపు కోసం మాత్రమే కాదు.

20 డిగ్రీలకే దించాలని పట్టుబట్టడం దండగ. 24 దగ్గర ఆగి సమయం సవరించుకోవడం తెలివి. 32 డిగ్రీల లీటరు నీటిని 24కు దించడానికి 77 గ్రాముల ఐసు సరిపోతుంది. పలచన చేసేటప్పుడు ఐసు జోలికే పోనవసరం లేదు. 32 డిగ్రీల్లో ఉన్న 250 మి.లీ. డెవలపర్‌లో ఫ్రిజ్ నీళ్లతో 16 డిగ్రీలకు తెచ్చిన 250 మి.లీ. కలిపితే మొత్తం 24 దగ్గర నిలుస్తుంది. డెవలపర్ తర్వాత బొమ్మను స్థిరపరిచే హైపో, కడిగే నీళ్లు కూడా అదే వేడికి రెండు మూడు డిగ్రీల తేడాలోపు ఉండాలి. ఫిల్ము మీది జెలటిన్ వేడిలో ఉబ్బుతుంది, చల్లటి నీళ్లలో ఒక్కసారి ముడుచుకుంటే పగుళ్ల వల లాంటి గీతలు పడవచ్చు. నేటి ఎమల్షన్లు గట్టివి కనుక ఈ ప్రమాదం తగ్గింది. పాతకాలపు ఉష్ణదేశ సూత్రాల్లో, కొడాక్ డీకే-15 లాంటి వాటిలో, ఉబ్బు ఆపడానికే సోడియం సల్ఫేట్ కలిపేవారు. హైపోలో పటిక వేసి జెలటిన్‌ను గట్టిపరచడమూ ఉండేది.

కలర్ నెగెటివ్ కథ దీనికి తలకిందులు. సీ-41 డెవలపర్ పనిచేయాల్సిన వేడి దాదాపు 38 డిగ్రీలు, సమయం 3 నిమిషాల 15 సెకన్లు. లండన్‌లో హీటర్ పెట్టుకోవాల్సిన పనికి మే నెల బాన్సువాడలో ట్యాంకు కుళాయి తిప్పితే సగం దారి వచ్చేసినట్టే. కాకపోతే ఆ 38ని అర డిగ్రీ కూడా కదలనీయకుండా పట్టి ఉంచాలి. బకెట్ నిండా నీళ్లుంటే అవి త్వరగా చల్లబడవు, సీసాలను అందులో ముంచి ఉంచుతారు.

హైపో తర్వాత కడగడానికి కుళాయి కింద గంటసేపు వదలనక్కర్లేదు. ట్యాంకు నింపి 5 సార్లు తిరగేసి పారబోయడం, మళ్లీ నింపి 10 సార్లు, ఇంకోసారి నింపి 20 సార్లు తిరగేయడం చాలు. లీటరున్నర నీళ్లతో పని ముగుస్తుంది. చివరి ముంపు మాత్రం బోరు నీళ్లతో వద్దు. అందులోని సున్నం ఆరాక తెల్ల మచ్చలుగా మిగులుతుంది, స్కానులో ఆ మచ్చ ఆకాశంలో తేలుతుంది. మెకానిక్ షాపుల్లో దొరికే బ్యాటరీ నీళ్లలో (డిస్టిల్డ్ వాటర్, యాసిడ్ కాదు) తడిపే ద్రావకం రెండు చుక్కలు వేసి ముంచి తీస్తారు.

ఆరబెట్టే చోటు బాత్రూమ్. వేడి నీళ్లు కాసేపు పారబోస్తే ఆవిరి దుమ్మును కిందికి దించుతుంది. ఫ్యాన్ వేయకూడదు. యాసంగి కోతల రోజుల్లో హార్వెస్టర్లు లేపే పొట్టు కిటికీ సందుల్లోంచి కూడా వస్తుంది కనుక ఆ వారాల్లో ఫిల్ము కడగడం వాయిదా వేయడమే మేలు. ఎండాకాలం ఫిల్ము త్వరగా ఆరుతుంది, ఆ తొందరకే అడ్డంగా గొట్టంలా చుట్టుకుంటుంది. 120 ఫిల్ము ఆధారం 35 మి.మీ. దానికన్నా పలచన. కింద క్లిప్పుతో బరువు కట్టి, ఆరాక మూడేసి ఫొటోల ముక్కలుగా కోసి, కవర్లలో పెట్టి బరువైన పుస్తకాల కింద రెండు రోజులుంచితే చదునవుతుంది. ఈ రెండు రోజుల ఓపిక స్కాను దగ్గర ఎంత ఆదా చేస్తుందో తొందరపడ్డవారికే తెలుస్తుంది.

స్కాను

స్కానర్ డబ్బా మీది అంకెలను నమ్మితే మోసమే. ఎప్సన్ వీ600 మీద 6,400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అని రాసి ఉంటుంది. పరీక్ష పటాలతో కొలిస్తే నిజంగా విడదీసేది 1,500 నుంచి 1,600 మధ్య. అదే కంపెనీ వీ850 కొలతలో 2,300 దాకా వస్తుంది. 56 మి.మీ. అంటే 2.2 అంగుళాలు కనుక 2,300 దగ్గర ఒక్కో వైపు దాదాపు 5,000 చుక్కలు, మొత్తం 25 మెగాపిక్సెళ్లు. వీ600 దగ్గర దాదాపు 12. అంతకన్నా ఎక్కువ డీపీఐ పెట్టి స్కాను చేస్తే ఫైలు ఉబ్బుతుంది, వివరం పెరగదు.

అది సరిపోతుందా అన్నది నెగెటివ్‌లో ఎంత ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. చేత్తో పట్టుకుని తీసిన ఫొటోలో మిల్లీమీటరుకు 40 జతల గీతలు విడిపడ్డాయంటే బాగా వచ్చినట్టే. వాటిని పట్టడానికి 2,000 డీపీఐ పైచిలుకు చాలు. ట్రైపాడ్ మీద, మంచి లెన్సుతో, ఎఫ్/8 దగ్గర 70 జతలు వస్తే 3,500 దాటాలి. ట్రైపాడ్ కొనని మనిషి ఖరీదైన స్కానర్ కొనడం పెద్ద తప్పు.

ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఫోకస్ చాలావాటిలో మారదు. అద్దం పైన ఒక ఎత్తులో స్పష్టత ఉంటుంది, హోల్డర్ ఆ ఎత్తులో ఉందని కంపెనీ నమ్ముతుంది. హోల్డర్ కాళ్ల కింద కాగితం ముక్కలు పొరలుగా పెడుతూ ఒకే నెగెటివ్‌ను నాలుగైదుసార్లు స్కాను చేసి పోల్చితే అసలు ఎత్తు దొరుకుతుంది. ఫిల్ము నడుమ వంగి ఉంటే అంచులు తేటగా, మధ్య మసకగా వస్తాయి. అద్దంతో నొక్కితే చదునవుతుంది కానీ ఫిల్ము నున్నటి వైపు అద్దానికి తగిలిన చోట రంగు వలయాలు పుడతాయి. అతి పలచని గాలి పొరలో రెండు కాంతి ప్రతిబింబాలు కలిసి చేసే పని అది. గరుకు చేసిన ప్రత్యేక గాజు, లేదా ఎమల్షన్ వైపును అద్దానికి ఆనించి తర్వాత కంప్యూటర్‌లో బొమ్మను తిప్పుకోవడం దీనికి విరుగుడు.

డిజిటల్ కెమెరా, మాక్రో లెన్సు ఉన్నవారు స్కానర్ కొనకుండానే పని జరుపుకోవచ్చు. నెగెటివ్‌ను రంగులు సరిగా చూపే ఎల్ఈడీ పలక మీద పెట్టి పైనుంచి ఫొటో తీయడమే. 24 × 36 మి.మీ. సెన్సర్ ఉన్న 24 మెగాపిక్సెల్ కెమెరాతో చదరాన్ని ఒక్క ఫొటోలో పట్టిస్తే ఒక్కో వైపు 4,000 చుక్కలు, అంటే దాదాపు 1,800 డీపీఐ. నెగెటివ్‌ను అసలు కొలతలోనే ఆరు భాగాలుగా తీసి కుట్టుకుంటే 4,200కు చేరుతుంది. కెమెరా, నెగెటివ్ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడడానికి నెగెటివ్ చోట చిన్న అద్దం పెట్టి, లెన్సు ప్రతిబింబం తెర నడుమకు వచ్చేదాకా కెమెరాను సర్దుతారు. నెగెటివ్ చుట్టూ మిగిలిన వెలుగును నల్ల అట్టతో కప్పకపోతే నీడలు తేలిపోతాయి. ఫోన్‌ను పలకగా వాడేవారు నెగెటివ్‌ను తెర మీద నుంచి రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తాలి, లేకపోతే ఫోన్ చుక్కలే ఫొటోలో పడతాయి.

నలుపు తెలుపు బొమ్మను తిరగేయడం సులువు. కలర్ నెగెటివ్‌లోని నారింజ ఛాయ, రంగుల లోపాలను సరిదిద్దడానికి ఎమల్షన్‌లోనే పెట్టిన ముసుగు. మామూలుగా తిరగేస్తే బొమ్మ నీలంగా కమ్ముకుంటుంది. ఫొటోల మధ్య ఖాళీ అంచును కొలిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను దానికి విడివిడిగా సరిచేశాకే తిరగేయాలి. దుమ్మును పరారుణ కాంతితో గుర్తించి చెరిపే ఏర్పాటు కలర్ ఫిల్ముకే పనిచేస్తుంది. నలుపు తెలుపు నెగెటివ్‌లోని వెండి కూడా పరారుణ కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి స్కానర్ బొమ్మనే దుమ్ముగా పొరబడుతుంది. అక్కడ దిక్కు ఊదే రబ్బరు బుడ్డీ, మెత్తటి బ్రష్షు, ఓపిక.

అటకెక్కిన నెగెటివ్‌లు

ఇంట్లో స్కాను చేసే పరికరం చేతికొచ్చాక చాలామంది మొదట దించేది కొత్త రోలును కాదు, అటక మీది పాత పెట్టెను. స్టూడియో నెగెటివ్‌ల మీద ముఖం దగ్గర సన్నటి పెన్సిలు గీతలు కనిపిస్తే తుడవకూడదు. అది టచింగ్. మొటిమలు, ముడతలు ప్రింటులో కనిపించకుండా నెగెటివ్ మీదే చేసిన చేతిపని. స్కానులో అది బయటపడి వింతగా కనిపించినా ఆ కాలపు ఫొటోలో భాగమే. బూజు పట్టినవాటిని నీళ్లతో కడిగితే, బూజు తినేసిన జెలటిన్ బొమ్మతో సహా ఊడి వచ్చేస్తుంది. పొడి బ్రష్షుతో దులిపి అలాగే స్కాను చేయడం మంచిది. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్ము ఆధారమైన ఎసిటేట్ విరిగిపోతోందని అర్థం. వాటిని మిగతా వాటి నుంచి వెంటనే వేరు చేయాలి, ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది.

నిల్వకు పీవీసీ కవర్లు పనికిరావు. పాలీప్రొపిలీన్ కవర్లు, ఆమ్లం లేని కాగితం నయం. వానాకాలంలో మూత బిగించిన డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారినప్పుడల్లా వేయించి మళ్లీ వేస్తుంటారు. 16 బిట్ల నలుపు తెలుపు టిఫ్ ఫైలు, ఒక్కో వైపు 5,000 చుక్కలతో, 50 మెగాబైట్లు ఉంటుంది. రోలుకు 600, కలర్ అయితే దానికి మూడింతలు. ఫైలు పేరులోనూ కవరు మీదా ఒకే సంఖ్య వేసి, పక్కన ఫిల్ము పేరు, డెవలపర్, పలచన, ఆ రోజు ద్రావణం వేడి రాసుకుంటే, వచ్చే ఎండాకాలం ఎన్ని నిమిషాలు కడగాలో పట్టిక వెతకనక్కర్లేదు.